పేరు చెరిపే కడ్డీ

ఇది రాస్తాండేది గూడా ఫోను పక్కన కూచోనే. మద్రాసుకు ట్రంకు కాలు బుక్ చేసి పొద్దున్నుంచి కాచుకోనుండా. కాలు ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. వచ్చేదాంకా లేసేదానికి లేదు. లేస్తే అప్పుడే మోగుతాది, ఎత్తకపోతే లైను పోతాది, లైను పోతే మా మామ మొగం మాడిపోతాది. పొద్దుటూరులో నా కాపరమంతా ఇట్ల రిసీవరు చేతిలో పట్టుకోనే జరుగుతాంది. బయటోళ్లకు ఇది శానా గొప్ప. "శెట్టిగారి కోడలు ఫోన్లో అరవం మాట్లాడుతాది, ఇంగ్లీషు మాట్లాడుతాది" అని చెప్పుకుంటారు. ఆ గదికి ఒకటే కిటికీ అని, అది గూడా గోడవతలి గోడను చూస్తాంటాదని ఎవురూ చెప్పుకోరు.

మాది మద్రాసు. పుట్టింది, సదివింది, కోపం నేర్చుకునింది అంతా ఆడనే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను పొద్దుటూరుకు ఇచ్చినారు. పెండ్లయిన వారానికి మా మామ భోజనాల కాడ అన్నాడు: "మద్రాసు మనకు రాకపోయినా మద్రాసు పిల్ల వచ్చింది. అది చాలు." అందరూ నవ్వినారు. నేను విస్తరిని పక్కకు జరిపి లేసి పోయినా.

ముందర బంగారం అంగడి, వెనక ఇల్లు, నడుమ ఫోను గది. రోజూ మద్రాసు రేటు తెలిస్తే గానీ అంగడి తెరిచినట్టు కాదు. రేటు చెప్పే దలాలికి అరవం తప్ప ఇంకోటి రాదు, మా మామకు అరవం రాదు. అందుకని నన్ను కూచోబెట్టినారు. మొదట్లో మంచిదే అనుకున్నా. వంటింటి పొగ తప్పింది గదా అని. తర్వాత తెలిసింది, వంటింట్లో ఉండే ఆడోళ్లు కనీసం పెరట్లోకి పోయి రావచ్చు.

వచ్చిన రోజే నా పేరు పోయింది. మా అత్త పేరూ నా పేరూ ఒకటే. పెండ్లాం పేరు పెట్టి మామ కోడల్ని పిలవలేడు, తల్లి పేరు పెట్టి కొడుకు పెండ్లాన్ని పిలవలేడు. అందుకని నేను గడప దాటకముందే ఇంకో పేరు చూసి పెట్టుకున్నారు. బావి ఈడ, దేవుని గూడు ఆడ అని చూపించినట్లే, "నీ పేరు ఇది" అని చెప్పినారు. కొన్నాళ్లు ఆ పేరుకు నేను పలకలా. "వదినకు చెవుడేమోమ్మా" అని మా ఆడబిడ్డ తల్లికి చెప్పింది. "చెవుడు కాదు. ఆ పేరుగల మనిషి ఈ ఇంట్లో లేదు" అన్నా. అదే మా ఇంట్లో నా మొదటి కొట్లాట. ఓడిపోయినా. ఆకలైనప్పుడు అన్నానికి పిలిస్తే ఏ పేరుకైనా పలకాల్సొస్తాది.

మనిషికి పేరు మార్చినారు గానీ సామాన్లకు మార్చలేదు. మా పుట్టింటి నుంచి తెచ్చిన బిందెలు, తపేలాలు, కాఫీ ఫిల్టరు, అన్నిటి మీదా నా పేరు చెక్కి ఉండాది. ఇంటిపేరు లేదు. అక్షరానికింత అని కూలి కాబట్టి అమ్మ ఇంటిపేరు వద్దనింది. ఈ ఇంటి సామాన్ల మీద మా అత్త పేరు. అంటే కొట్టు గదిలో అటక నిండా ఒకటే పేరు. ఏది ఎవురిదో వాటికే తెలియాల.

వాటిల్లో ఒక వెండి చెంబు ఉండాది. మా అమ్మది. నా పెండ్లికి ముందర మా వీధి మొగదల కూచునే పేర్లు చెక్కేటాయనకు ఇచ్చింది. ఆయన అరవాయన, తెలుగు అక్షరాలు రావు. అందుకని చెంబు మెడ కింద సుద్ద పూసి, ఎండినంక అమ్మనే సూదితో నా పేరు రాసిచ్చింది. ఆయన ఆ గీత వెంటే చెక్కుకుంటా పోయినాడు. అమ్మకు చివరి అక్షరం కిందికి జారే అలవాటు. చెంబు మీద గూడా జారింది. మిగతా సామాన్లకు నాయన రాసిచ్చినాడు. నా పెండ్లయిన ఏడాదికి అమ్మ పోయింది. ఆమె చేతిరాత అంటూ నా దగ్గర ఉండేది అదొక్కటే. కాయితం మీద రాసే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు.

మా ఆడబిడ్డకు పులివెందుల సంబంధం కుదిరింది. సారెకు వెండి చెంబు పెట్టాల. అత్త పెట్టె తెరిచి చెంబులు రెండు బయటికి తీసింది. ఒకటి బరువు, ఒకటి తేలిక. రెండింటి మీదా అదే పేరు. బరువుది తీసి సారె తట్టలో పెట్టింది.

"అత్తా, అది నాది" అన్నా.

"యాడ రాసుండాది నీదని?"

"పేరుండాది గదా."

"నా పేరు గూడా అదే గదా మే. నీ పేరు ఇప్పుడు అది కాదు."

ఇంత మాట నింపాదిగా, వక్క కొరుక్కుంటా చెప్పింది. "అది మా అమ్మ రాత" అని అరిచినా. అత్త చెంబు ఎత్తి కంటి దగ్గర పెట్టుకునింది. బూడిద, చింతపండు పెట్టి తోమి తోమి అక్షరాలు అరిగిపోయి ఉండాయి. "నాకేం రాత కనపళ్లేదు. గీతలు కనపడతాండాయి" అని మళ్లీ తట్టలో పెట్టింది.

మా ఆయనకు చెప్పినా. "చెంబే గదా. ఇంకోటి చేపిస్తాలే" అన్నాడు. ఆయనతో మాట్లాడి లాభం లేదని మా నాయనకు ఫోను చేసినా. దలాలి అంగడి మా నాయన ఉండే వీధిలోనే. రేటు రాసుకున్నంక, రేపు ఇదే టయానికి మా నాయనను కూచోబెట్టమని అక్కడి గుమాస్తాను అరవంలో బతిమాలినా. మరుసటి రోజు లైన్లో గరగరా శబ్దం, దాని వెనక మా నాయన.

"నాయనా, అమ్మ చెంబు పులివెందులకు పంపిస్తాండారు. అది మనదని నువ్వొచ్చి చెప్పల్ల."

"ఏం పంపిస్తాండారు?"

"చెంబు. వెండి చెంబు. నా పేరు చెక్కింది."

"ఆ ఇంటికి ఇచ్చినంక వాండ్లదేనమ్మా. చెంబుకోసరం ఎవురన్నా రైలెక్కుతారా. సర్దుకో."

మూడు నిమిషాలైంది, పొడిగించాల్నా అని ఆపరేటరు నడుమ దూరింది. అక్కర్లేదని రిసీవరు దబ్బుమని పెట్టినా. అంగట్లోంచి మా మామ గొంతు: "మెల్లగమ్మా, అది గవుర్మెంటుది."

ఇంక మిగిలింది నేను, ఆ గది, కిటికీలో గోడ. బల్ల కింద ఒక చెక్కపెట్టె ఉండేది. కాళ్లు ఆనించుకునేదానికి వాడుకునేదాన్ని. ఆ రోజు కోపంలో దాన్ని తన్నితే మూత ఊడింది. లోపల నూనె గుడ్డలో చుట్టిన ఇనప పుల్లలు. చెక్క పిడులు. ఒక చిన్న తోలు దిండు, ఇసక నింపింది, అరచేయంత.

మామను అడిగితే చెప్పినాడు. "జమ్మలమడుగు ముసలాయనది. మన పంచలో కూచోని పేర్లు చెక్కేటోడు. మనింటి సామాన్లన్నీ ఆయన చేతివే. కండ్లు కనపడక పెట్టె ఈడ పెట్టి ఊరికి పోయినాడు. మళ్లీ రాలా."

"ఏది దేనికి మామా?"

మామ ఒక్కొక్కటే తిప్పి చూసినాడు. బంగారాన్ని రాతి మీద గీసి మచ్చు చెప్పే మనిషి, వీటి ముందర ఊరికే తల గోక్కున్యాడు. "చెక్కేటివి. అంతే. ఇదైతే గుబిలి తీసుకునేదేమో" అని చింతకాయ మాదిరి వంగిన ఒక కడ్డీని చెవి దగ్గర పెట్టుకోని చూపించినాడు. మా ఆయన వచ్చి ఇంకోటి లాక్కున్యాడు. "ఇది నాకు తెలుసు, స్క్రూ తిప్పేది. ఫోను మూత దీంతోనే ఊడదీస్తా." ఎవురికి ఏది పనికొస్తే దానికి ఆ పేరు పెట్టుకున్యారు. ఆ మాటల నడుమ అత్త గడప కాడికొచ్చింది. ఆ వంగిన కడ్డీని చూసింది. "వాటిని ఆడ పెట్టు మే. నీకెందుకు అవి" అని తిరిగి పోయింది. తిట్టేటప్పుడు నా మొగం చూసి తిట్టే మనిషి, ఆ పొద్దు చూడలా.

ట్రంకు కాలు కోసం కాచుకునేటప్పుడు ఏం చెయ్యాల? పాత ఇత్తడి మూత ఒకటి తెచ్చుకున్నా. చెంబు నాదని చెప్పేదానికి వీటిల్లో ఏదన్నా దొరుకుతాదేమో అని ఆశ. అదొకటే ఆశ.

మొదట మొన ఉండేది తీసుకున్నా. దాని పిడి పుట్టగొడుగు మాదిరి గుండ్రంగా ఉండి, ఒక పక్క కోసేసినట్ల చప్పిడిగా ఉండాది. విరిగిందనుకున్నా. పెన్సిలు పట్టినట్ల పట్టి గీస్తే సర్రున జారి ఎడమ బొటనవేలిలో దిగింది. రక్తం, బూతులు. మళ్లీ పట్టినా. మళ్లీ జారింది. తర్వాత విసుగొచ్చి పిడిని అరచేతి గుంటలో పెట్టుకోని, ఆ చప్పిడి పక్కను కిందికి తిప్పితే పుల్ల మూత మీద పడుకునింది. మెల్లగ తోస్తే ఇత్తడి సన్న వెంట్రుక మాదిరి చుట్ట చుట్టుకోని లేసింది. అప్పుడు అర్థమైంది. పిడి విరగలేదు. చెయ్యి లోహానికి ఎంత దగ్గరగా పోతే అంత లొంగుతాదని కోసి పెట్టుకున్యాడు. తోలు దిండు కూడా అప్పుడే తెలిసింది. గీత వంకర తిరగాలంటే తిరిగేది పుల్ల కాదు, దిండు మీది మూత.

అట్ల ఒక్కొక్కటీ. మొన దువ్వెన మాదిరి సన్న పండ్లుండేది ఒకటి. ఒక్కసారి తోస్తే గీతల చాలు పడతాది, ఆకులకూ చిలకల రెక్కలకూ నీడ పెట్టేది. మెడ పైకి వంగింది ఒకటి, అది గిన్నె లోపలి వైపు చెక్కేదానికి. తిన్నని పుల్ల అంచుకు తగులుకుంటాది గదా. మా ఆయన స్క్రూలు తిప్పేదాన్ని తోస్తే ఏం పడలా. కోపమొచ్చి దాన్ని మూత మీద అదిమి అటూ ఇటూ ఊపినా, పళ్లు కొరికినట్ల. చూస్తే దాని వెనక కుట్టు కుట్టినట్ల వంకరటింకర గీత. దూరం నుంచి ఒకటే గీత. దగ్గర పెట్టుకుంటే రంపం పండ్లు. ఊపుకుంటా నడిపిస్తే అక్షరం వస్తాది.

ఆ గీతను నేను రోజూ చూస్తాండా. అన్నం పళ్లెం అంచున, నీళ్ల బిందె మెడ మీద. ఈ ఇంటి సామాన్లన్నిటి మీదా మా అత్త పేరు అదే రంపం పండ్లతో ఉండాది.

ఫోను వదిలిపెట్టి వంటింట్లోకి ఉరికినా. నా కాఫీ ఫిల్టరు తీసినా. ఆ ఇంట్లో దాన్ని ఎవురూ తమదనరు, అంత చేదు తాగే మనిషిని నేనొక్కదాన్నే. దాని మీద అక్షరాలు తోసి చెక్కినవి. కత్తితో కోసినట్ల నున్నటి గాడి, పండ్లు లేవు. మద్రాసాయన పని అది. వెనక ఫోను మోగుతానే ఉండాది. మోగనీ అనుకున్నా. ఆ రోజు రేటు అంగడికి ఆలస్యంగా తెలిసింది, నాకు తిట్లు పడినాయి.

ఇంక రెండు పుల్లలు మిగిలినాయి. ఒకటి మూడు అంచుల మొన. ఇంకోటి మామ చెవిలో పెట్టుకున్న వంగిన కడ్డీ. అంచు లేదు, మొన లేదు, మొగం చూసుకునేంత మెరుపు. మూత మీద నా పేరు చెక్కుకోవాలని పట్టుకుంటే నడిమి అక్షరం చెడింది. ఉండబట్టలేక మూడంచుల దాంతో గీకేసినా. అక్షరం పోయింది, బదులు గరుకు గీతలు పడినాయి. వాటిని ఎట్ల పోగొట్టాలా అని వేలికి దొరికిన వంగిన కడ్డీని, ఒక చుక్క నూనె వేసి రుద్దినా. గరుకంతా ఒక్కొక్క గీతే మూసుకుంటా, లోపలికి అణిగి, మెరుపు తిరిగొచ్చింది. ఇంకాసేపు రుద్దితే ఆడ అక్షరం ఉండేదని చెప్పినా ఎవురూ నమ్మరు. కన్నుకు తెలీదు. బొటనవేలికి తెలుస్తాది. వేలు పెడితే రవ్వంత పల్లం.

మరుసటి రోజు పొద్దున్నే సారె తట్టలోది ఒకటి, అత్త పెట్టెలోది ఒకటి, చెంబులు రెండూ కిటికీ కాడికి తెచ్చినా. బరువుదాని మీద నున్నటి గాడి, చివరి అక్షరం కిందికి జారి. తేలికదాని మీద రంపం పండ్లు. ఇంక గెలిచినట్టే అనుకోని తేలికదాన్ని పెట్టబోతే, బొటనవేలు పల్లంలో పడింది.

వెలుతురుకు ఏటవాలుగా తిప్పినా. రంపం పండ్ల అక్షరాల నడుమ, లోతుగా దిగి పూర్తిగా అణగని గీతలు రెండో మూడో ఉండాయి. మా ఇద్దరి పేరులోని ఏ అక్షరానికీ చెందనివి.

ఆ సాయంత్రం అంగడి మూసినంక నడింట్లో అందరి ముందరా పెట్టినా. కాఫీ ఫిల్టరు, ఇంటి పళ్లెం, చెంబులు. మామకు ఆయన భూతద్దం ఇచ్చినా. ఇత్తడి మూత మీద స్క్రూ పుల్ల ఊపి చూపించినా, మొన పుల్ల తోసి చూపించినా. మామ నగ చూసినట్ల చూసినాడు. చూసేదానికి ఎక్కువసేపు పట్టలా.

"బరువుది మద్రాసుదే" అన్నాడు.

అత్త వక్కాకు నములుతా గోడకానుకోని కూచోనుండాది. అప్పుడు నేను నోరు మూసుకోని ఉంటే సరిపోయేది. నా నోటికి అది చేతకాదు. "ఇంకో సంగతి. తేలికదాని మీద ముందర ఇంకో పేరుండేది. గీకి, ఈ కడ్డీతో రుద్దినారు" అన్నా. దొంగను పట్టుకున్నట్ల అన్నా.

మా ఆయన తల్లి దిక్కు చూసినాడు. ఆయనకు గూడా తెలీదని అప్పుడు తెలిసింది నాకు.

"ఉండేది. నాదే" అనింది అత్త. "మా అత్తదీ నాదీ ఒకటే పేరు. ఇంకేం చేస్తారు. ఆ ముసలాయనను పంచలో కూచోబెట్టి రుద్దించిరి. ఆయన దప్పికంటే నేనే నీళ్లిస్తిని."

"ముందర ఏం పేరత్తా?"

"దేనికిప్పుడు. పిలిచేటోళ్లు ఎవురుండారు."

అంటే యా పేరు కోసరమని నా పేరు తీసేసినారో, ఆ పేరు ఆమెది గూడా కాదు. ఆ ఇంటికి వచ్చినప్పుడు తగిలించుకునింది. నా కోపమంతా ఎవురి మీద పెట్టుకోవాల్నో ఒక్క గడియ నాకే తెలీలా.

మామ మటుకు శానా సంతోషంగా ఉన్యాడు. "గొడవ తీరిపాయ. బరువుది కోడలిది. తేలికది పులివెందులకు పోతాది" అని, ఆ వంగిన కడ్డీని ఎత్తి దీపం కింద తిప్పుకుంటా, "ఇన్నాళ్లూ గుబిలి పుల్ల అనుకుంటినే" అని నవ్వినాడు. "ఇంకోసారి ఈ రచ్చ వద్దమ్మా. ఆ ముసలాయన కొడుకు జమ్మలమడుగులో బిందెల మీద పేర్లు కొడతాన్నాడంట. పిలిపిస్తా. నీ సామాన్ల మీద పాత పేరు రుద్దించి ఇప్పటి పేరు చెక్కిద్దాం. ఎవురివి వాళ్లకుంటాయి."

"వద్దు మామా" అన్నా.

"నీ మంచికే గదా."

"వద్దు. అది మా అమ్మ రాత."

"పేరే గదా" అన్నాడు మా ఆయన.

"మీ పేర్లు ఎవురూ ముట్టుకోలా. అందుకే పేరే గదా అంటాండారు" అని ఇత్తడి మూతను గోడకేసి కొట్టినా. అది గుండ్రంగా తిరుగుతా తిరుగుతా అత్త కాళ్ల కాడ పడింది. ఆమె దాన్ని ఎత్తి, నేను రుద్దిన చోట బొటనవేలు పెట్టి చూసింది.

కడ్డీ ఏందో తెలీకుండా ఉన్నంతకాలం నా పేరు చెంబు మీద బాగానే ఉండేది. దాని పని కనిపెట్టి, అందరికీ చేసి చూపించింది నేనే. అప్పటినుంచి ఫోను గదిలో కూచుంటే అదే ఆలోచన. పెట్టెను బావిలో వేద్దామా అనుకున్నా. వేస్తే నేనే అని తెలుస్తాది, ఇంకో చోటు నుంచి పనిముట్లు తెప్పిస్తారు. చెంబును దాచి పెడదామంటే ఆ ఇంట్లో నాకంటూ తాళమేసే చోటు లేదు. మద్రాసుకు పోదామంటే మా నాయన రైలు ఎక్కించి మళ్లీ పంపిస్తాడు. ఎటు తిరిగినా ఈ బల్లనే.

ముసలాయన కొడుకు జమ్మలమడుగు బస్సు దిగి వచ్చినాడు. మనిషి లావు, నవ్వు మొగం. పంచలో చాప పరిచి తన సంచిలోంచి సుత్తి, చుక్కలు కొట్టే మొనలు తీసినాడు. మామ ఆ ముసలాయన పెట్టెను తెచ్చి కొడుకు ముందర పెట్టినాడు. ఆయన దండం పెట్టుకోని గుడ్డ విప్పినాడు. నేను ఫోను గది గడపలో నిలబడుకోనుండా, రిసీవరు చేతిలోనే.

"మెరుగు కడ్డీ యాడ శెట్టిగారూ?"

"అందులోనే ఉండాది చూడప్పా. వంగినట్ల ఉంటాది."

"లేదు."

అందరి కండ్లూ నా మీదికి తిరిగినాయి. తిరగవా మరి. నేను తియ్యలేదన్నా. మా ఆయన నా ట్రంకు పెట్టె తెరిచి చీరలన్నీ కింద పోసినాడు. ఆడబిడ్డ పరుపు దులిపింది. బల్ల కింద, కిటికీ సందులో, కాఫీ ఫిల్టరు లోపల గూడా చూసినారు. "ఒట్టేసి చెప్పు మే" అన్నాడు మా ఆయన. ఒట్టేసినా. ఎవురూ నమ్మలా. అబద్ధాలు చెప్పినప్పుడు నమ్మినారు గానీ ఆ నిజం నమ్మలా.

"అది లేకుండా చెరపలేవా?" అని మామ అడిగినాడు.

"గీకచ్చు. గరుకు పోదు. ఊరికే గీకితే పల్చన పడి బొక్క పడుతాది. వెండి సామాను, మాట నాకొస్తాది."

"ఇంకో కడ్డీ?"

"నా కాడ లేదు శెట్టిగారూ. మేము ఇప్పుడు సుత్తితో చుక్కలు కొట్టేటోళ్లం. మా నాయన యాన్నుంచి తెప్పించినాడో నాకు తెలీదు."

అత్త వంటింటి గడపలోంచి గట్టిగా అనింది: "పెండ్లి పెట్టుకోని చెంబు పట్టుకోని కూచుంటారేంది. కింద కొట్టిచ్చి పంపీండి ఆయనను. బస్సు పోతాది."

అట్ల చెంబు మీద అమ్మ రాసిన పేరు కింద ఈ ఇంటోళ్లు పెట్టిన పేరు పడింది. చుక్కలు చుక్కలుగా. టక్ టక్ మని ఒక్కొక్క దెబ్బా వింటా నిలబడినా. అమ్మ చివరి అక్షరం జారిన తోక కాడ ఆయన రెండు చుక్కలు పక్కకు జరిపి కొట్టినాడు, తగలకుండా. ఫిల్టరు మీద గూడా కొట్టినాడు. బిందెల మీద గూడా. ఇప్పుడు నా సామాన్లకు రెండేసి పేర్లు, నాకు ఒకటే.

పెండ్లికి పులివెందులకు అందరం పోయినాం. అమ్మ పోయినప్పుడు మద్రాసుకు పోయొచ్చినంక నేను ఊరు దాటింది మళ్లీ అదే. బస్సు కిటికీ కాడ కూచుంటానంటే ఎవురూ వద్దనలా. ఆడబిడ్డ పేరు మాత్రం మారలా, వాళ్లత్తది వేరే పేరంట. అదృష్టవంతురాలు. సారె అప్పగించేటప్పుడు మా అత్త తేలిక చెంబును రెండు చేతులా ఎత్తింది. ఇచ్చేముందు ఎడమ బొటనవేలు చెంబు మెడ కింద పెట్టి, ఆ పల్లంలో ఒకసారి తిప్పింది. నేను పక్కనే ఉండా కాబట్టి చూసినా. ఆ పొద్దు తెలిసింది. ఆమె బరువు చెంబును తట్టలో పెట్టింది కూతురికి బరువుది పోవాలని కాదు. తేలికది ఇంట్లో మిగలాలని. నేను భూతద్దం పట్టుకోని, పుల్లలు ఊపి చూపించి, ఆమె చేతిలోంచి అది పోయేటట్ల చేసినా. ఆమె దాన్ని వియ్యపురాలికి అందించి, చేతులు కొంగుకు తుడుచుకోని, తాంబూలం తట్ట సర్దేదానికి పోయింది.

ఆ తర్వాత గూడా మా ఇద్దరికీ పడలా. పడుతాదని ఎవురన్నా అనుకుంటే తప్పు. "ఫోను తినిపిచ్చే అన్నం వేరే ఉండాదా, రా వచ్చి వడ్డించు" అని ఆమె, "చేతులు రెండే ఉండాయి" అని నేను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. హైదరాబాదు లైను గూడా మా ఫోనుకు వచ్చింది. అది మోసేది గూడా నేనే.

ఒక రోజు లైన్లన్నీ చెడిపోయినాయి. గాలివాన. ఫోను పలకలా కాబట్టి నన్ను వంటింట్లోకి పిలిచినారు. అత్త పొయ్యి కాడ చారు పెడతాంది.

"చింతపండు తియ్యి మే. మూల జాడీలో."

ఆ జాడీ పాతది, ఉప్పు వేసి అదిమి పెట్టిన చింతపండు. పై నుంచి తీసేదే గానీ అడుగు దాంకా ఎవురూ పోరు. నాకు ఆ సంగతి తెలీదు. చెయ్యి మోచేతి దాంకా దించితే వేలికి గట్టిగా ఏందో తగిలింది. గింజ అనుకున్నా. గింజ అంత పొడుగుండదు. పైకి లాగి చూసినా. వంగిన కడ్డీ. మొగం చూసుకునేంత మెరుపు ఉండేది. ఇప్పుడు నల్లగా, పొట్టు పొట్టుగా, అమ్మవారి మచ్చల మొగం మాదిరి. పులుపూ ఉప్పూ ఉక్కును తినేసినాయి. ఇంక దాంతో ఎంత రుద్దినా ఏ పేరూ నున్నగా కాదు. గీతలు పడతాయి, అంతే.

ఇన్నేండ్లు వెండి తోమిన మనిషికి తెలీకుండా పెట్టుంటాదా అందులో.

అత్త వెనక్కి తిరగలా. గరిటెతో పొంగు అణుచుతాంది.

"ఎంతసేపు మే, చింతపండుకు?"

"గింజలుండాయత్తా. ఏరతాండా" అన్నా.

కడ్డీని మళ్లీ అడుగుకు తోసి, పైన చింతపండు అదిమి, మూత పెట్టినా.